బాలబాలికలు ఏ నవలలు చదువవలయును?

పాఠ్యపుస్తకములు గాక వేరు పుస్తకములు చదువుట మంచిదా, కాదా యను ప్రశ్న పాఠశాలలకు క్రొత్తది కాదు. వ్యాకరణమును, లెక్కలును, చరిత్రయు, బైబిలు పాఠమును చదువుటకే కాలము చాలకుండగా నవలల కెక్కడి తీరిక యని కొందరు పెద్దలందురు. కల్లకథలకు మరిగిన పిల్లలకు నిజమునందు రుచి యుండదని మరికొందరందురు. ఇటు చూచినచో, పరీక్షలు ముగిసి సెలవులు రాగానే మా తోడి విద్యార్థులలో పలువురు "ఏమి చదువుదుము?" అని అడుగుచునే యుందురు. పెద్దల సందేహమునకును పిన్నల ప్రశ్నకును ఒక్కచోటనే సమాధానము చెప్ప సాహసించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుట మేలు. నవలలు చదువుట మంచిదే. అయితే ఏ నవలయందు బాలుడు మొదటి పుటనుండి తుది పుటవరకు మంచివాడుగనే యుండునో, ఆ నవలవలన మనకు కలుగు మేలు మిక్కిలి స్వల్పము. ఏ నవలయందు బాలుడు గాని బాలిక గాని తప్పుచేసి, దాని ఫలము ననుభవించి, తన మనస్సుతో తానే పోరాడి లేచి నిలుచునో, అట్టి నవలయే మనకు నిజమైన స్నేహితుడు. ఏలయన మనలో ఎవరమును ఆదినుండి మంచివారము కాము.

ఇందుకొక పాత పుస్తకము దృష్టాంతము. షెర్వుడ్ దొరసానిగారు సైనికోద్యోగియైన తన భర్తతో మన దేశమునకు వచ్చి, 1805 మొదలు 1816 వరకు ఇచ్చట నివసించి, సైనికుల పిల్లలకును అనాథలకును చదువు చెప్పించిన ధర్మాత్మురాలు. ఆమె 1818లో ప్రకటించిన "ఫెయిర్‌చైల్డ్ కుటుంబ చరిత్ర" ఆ శతాబ్దమున ఇంగ్లాండులో ఎన్నో గృహములయందు చదువబడినది. అందొక ఘట్టము కలదు. తోబుట్టువులు తమలో తాము కలహింపగా, తండ్రి వారిని వెంటబెట్టుకొనిపోయి, తన సోదరుని చంపి ఉరితీయబడిన యొక మనుష్యుని కళేబరము ఉరికొయ్యకు వ్రేలాడుచుండగా చూపును. కలహము ఎంతకు దారితీయునో తెలుపవలయునని గ్రంథకర్త్రి యుద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని చదివినవానికి ఆ కళేబరము జ్ఞాపకముండును గాని తోబుట్టువులపై ప్రేమ పెరుగునా? భయము తప్పును దాచుట నేర్పును, మానుట నేర్పదు. బాలుర మేలుకొరకే వ్రాయబడిన పుస్తకములలో అనేకములు ఈ కారణముననే మరుగుపడిపోయినవి.

ఇక మేము చదివి సంతోషించినవానిని చెప్పెదము.

మొదటిది పినోకియో. దీనిని ఇటలీ దేశస్థుడైన కార్లో కొలోది వ్రాసెను. ఆయన అసలు పేరు లోరెన్‌జీని. కొలోది యనునది ఆయన తల్లి పుట్టిన గ్రామము పేరు. ఈ కథ 1881లో పిల్లల పత్రికలో విడివిడి భాగములుగ వెలువడ నారంభించెను. ఇందలి నాయకుడు కొయ్యబొమ్మ. తండ్రివంటి జెపెట్టో చలికాలమున తన చొక్కాయి నమ్మి కొనిచ్చిన అక్షరమాల పుస్తకమును, బొమ్మలాట చూచుటకై నాలుగు కాసుల కమ్ముకొన్నవాడు! బుద్ధి చెప్పిన కీచురాయిని సుత్తితో కొట్టి చంపినవాడు. అబద్ధమాడినప్పుడెల్ల వాని ముక్కు పొడుగగునను సంగతి ఈ పుస్తకమును చదువనివారును ఎరుగుదురు. పదునైదవ ప్రకరణమున వానిని చెట్టుకు ఉరివేయించి గ్రంథకర్త కథ ముగించెను. అంత ఆ పత్రిక చదువు పిల్లలు ఊరకుండలేదు. కథ కొనసాగవలయునని కోరిరి. కొలోది మరల కలము పట్టెను. 1883లో గ్రంథము పూర్తిగ అచ్చుపడెను. చెడ్డవాడైన ఆ కొయ్యబొమ్మకు రెండవ యవకాశము ఇప్పించినవారు పాఠకులైన పిల్లలే యని తెలిసినప్పుడు మాకు కలిగిన యానందము చెప్పరానిది. తప్పుచేసినవాడు చావవలయునని పెద్దవాడు తలచెను. బ్రతికి బాగుపడవలయునని పిల్లలు కోరిరి. ఇందు ఎవరి తీర్పు మేలైనదో చదువరులే నిర్ణయింపవచ్చును.

రెండవది లూయీసా మే ఆల్కాట్ అను అమెరికా రచయిత్రి 1868, 1869 సంవత్సరములలో రెండు భాగములుగ ప్రకటించిన "లిటిల్ విమెన్". తండ్రి అంతర్యుద్ధమున సైనికులకు గురువుగ పోయియుండగా, కలిమి లేని ఇంటిలో తల్లితో నున్న నలుగురు అక్కచెల్లెండ్ర కథ ఇది. క్రిస్మసు ఉదయమున తమ ఫలహారమును తమకన్న పేదవారి కిచ్చివేసిన ఘట్టమును అందరును మెచ్చుకొందురు. మేము అంతకంటె వేరొక ఘట్టమును మెచ్చుకొందుము. అక్క తనను నాటకమునకు తీసికొనిపోలేదని కోపగించి, చిన్నదైన ఏమీ ఆమె యెంతో శ్రమపడి వ్రాసికొనిన కథల పుస్తకమును అగ్నిలో వేయును. ఆ అక్క పేరు జో. చెల్లెలు వచ్చి క్షమింపుమని వేడినను జో క్షమింపదు. మరునాడు నదిమీది గడ్డకట్టిన నీటిపై ఆడుకొనుచుండగా, మంచు పలుచగా నున్నదని యెరిగియు జో చెల్లెలికి చెప్పదు. మంచు విరిగి ఏమీ నీళ్లలో పడును. ప్రాణము దక్కినది గాని, ఆ రాత్రి జో తన కోపమును తలచుకొని తల్లియొద్ద విలపించును. అప్పుడు తల్లి ఆమెను తిట్టదు, ఉరికొయ్యను చూపదు. తానును అట్టి కోపము గలదాననేయనియు, దానిని అణచుకొనుటకు ఏండ్ల తరబడి పాటుపడుచున్నాననియు చెప్పును. తల్లికిని కోపము వచ్చుననియు, ఆమెయు దినదినము దానితో పోరాడుచుండుననియు తెలిసిన పిల్లకు కలుగు ధైర్యము వేయి నీతివాక్యముల వలన కలుగదు. తలిదండ్రులు ఈ ఒక్క ప్రకరణమైనను చదువవలెనని మా కోరిక.

మూడవది రాబర్టు లూయీ స్టీవెన్‌సన్ గారి "ట్రెజర్ ఐలండ్". 1881 వేసవిలో స్కాట్లండునందలి బ్రేమార్ గ్రామమున, వాన కురియుచు బయటికి పోవ వీలులేని దినములలో, తన భార్య కుమారుడైన బాలునితో కూడి ఆయన ఒక దీవి పటమును గీసి రంగులు వేసెను. ఆ పటమునుండి ఈ కథ పుట్టినది. 1883లో పుస్తకముగ వెలువడినది. ఓడదొంగలు, దాచిన ధనము, తిరుగుబాటు—ఇవి యున్నవని మా మిత్రులు దీనిని చదువుదురు, చదువనిండు. కాని ఇందు రెండు సంగతులు మనస్సున నాటుకొనవలెను. ఒంటికాలి వంటవాడైన సిల్వరు మొదట జిమ్ అను బాలునితో ఎంతయో తీయగా మాటలాడి, నీవంటి తెలివిగలవాడు లేడనును. తరువాత జిమ్ ఆపిలుపండ్ల పీపాలో కూర్చుండి వినుచుండగా, సిల్వరు మరియొక యువకునితో అవే తీపిమాటలు పలికి వానిని ద్రోహములోనికి లాగుచుండును. పొగడ్తలకు లొంగు స్వభావము మనలో అందరికిని కలదు. తనను పొగడిన నోరే మరియొకని నట్లే పొగడుచుండగా వినుట ఎంత గొప్ప పాఠము! రెండవది: జిమ్ దొంగల చేతిలో చిక్కి, పారిపోనని మాట యిచ్చిన పిమ్మట, వైద్యుడు వచ్చి కంచె దుముకి తనతో పరుగెత్తి రమ్మనును. ప్రాణభయ మున్నను బాలుడు రానని చెప్పును. మాట యిచ్చితినని చెప్పును. ఆ మాట ఇచ్చినది దొంగకు. దొంగకిచ్చిన మాటయు మాటయే యని గ్రంథకర్త మనకు బోధింపడు. బాలునిచేత చేయించి చూపును.

నాల్గవది "హైదీ". స్విట్జర్లండు దేశస్థురాలైన యొహానా స్పీరీ జర్మను భాషలో వ్రాసిన ఈ నవల 1880, 1881 సంవత్సరములలో వెలువడెను. అయిదేండ్ల యనాథ బాలికను పినతల్లి తీసికొనిపోయి, కొండమీద ఒంటరిగ నివసించు తాతకు అప్పగించును. ఆ తాత ఊరివారితో మాటలాడడు, దేవాలయమునకు పోడు. తరువాత ఆ పిల్లను ఫ్రాంక్‌ఫర్టు పట్టణమునకు, నడువలేని క్లారా యను ధనికుల బిడ్డకు తోడుగ తీసికొనిపోవుదురు. అచ్చట తిండికి లోటు లేదు, పరుపునకు లోటు లేదు. కాని కొండలు కనబడవు. పిల్ల దిగులుతో చిక్కి, నిద్రలో లేచి నడువ నారంభించును. ఇంటినుండి వచ్చి వసతిగృహములలో నుండి చదువుకొనువారికి ఈ భాగము చదువుచుండగా కన్నులు చెమ్మగిల్లక మానవు. కొండమీది గ్రుడ్డి ముసలమ్మ గట్టిరొట్టె నమలలేదని, ఆ పిల్ల తన భోజనములోని మెత్తని రొట్టెలను బీరువాలో దాచిపెట్టును. ఇంటి పెత్తనము చేయు దొరసాని వానిని పారవేయించును. ఇందు దొంగతనము ఎవరిది, దయ ఎవరిదియని ఆలోచింపుడు. చదువు రాదని అందరును నిరాశ చేసికొన్న ఆ పిల్ల, క్లారా అవ్వగారు బొమ్మల పుస్తకము చేతికిచ్చి ప్రేమతో చెప్పగా చదువ నేర్చును. ఇంటికి తిరిగివచ్చి గ్రుడ్డి ముసలమ్మకు కీర్తనలు చదివి వినిపించును. తప్పిపోయిన కుమారుని కథను తాతకు చదివి చెప్పును. మరునాడు ఆదివారము. తాత చాల యేండ్లకు మరల దేవాలయమునకు పోవును. ఎందరు పెద్దలు చెప్పినను కదలని మనస్సు, చదువ నేర్చిన చిన్నపిల్ల నోట విన్న కథచేత కదలినది.

అయిదవది చెప్పుటకు ముందు పెద్దలను కొంచెము ఓపికతో వినుడని వేడుకొనుచున్నాము. అది మార్క్ ట్వేయిన్ గారి "హకిల్‌బరీ ఫిన్". ఇంగ్లాండున 1884 చివరను, అమెరికాలో 1885లోను వెలువడెను. ఆ 1885లోనే కాన్‌కర్డు పట్టణపు గ్రంథాలయమువారు ఇది పిల్లలు చదువదగినది కాదని వెలివేసిరి. కథానాయకుడు త్రాగుబోతు కొడుకు. అబద్ధములాడును, పొగ త్రాగును, బడికి పోడు. వాడును, యజమానురాలియొద్దనుండి పారిపోయిన జిమ్ అను బానిసయు తెప్పపై మిసిసిపీ నదిలో ప్రయాణము చేయుదురు. బానిసను తప్పించుట దొంగతనమనియు, దానికి నరకము తప్పదనియు ఆ బాలుడు చిన్ననాటినుండి వినియున్నాడు. ఆ భయముతో యజమానురాలికి జాబు వ్రాయును. వ్రాసిన పిమ్మట, తన వంతు కావలిని కూడ జిమ్ తానే కాచి తనను నిద్రపోనిచ్చిన రాత్రులు జ్ఞాపకము వచ్చును. నరకమునకైన పోవుదునుగాక యని నిశ్చయించుకొని ఆ జాబును చించివేయును.

ఈ మాటను చూచి మిషను పాఠశాలయందు ఇట్టి పుస్తకమా యని కొందరు చకితులగుదురు. మేమిట్లు విన్నవించుకొనుచున్నాము. ఆ దేశమున బానిసత్వమును 1865లో రాజ్యాంగపు సవరణచేత మాన్పిరి. అంతకు పూర్వము చట్టము దానిని సమర్థించెను. కొన్ని ప్రసంగవేదికలును దానిని సమర్థించెను. చదువురాని పిల్లవాని హృదయము మాత్రము సమర్థింపలేకపోయెను. యెరికో దారిలో గాయపడియున్న వానిని చూచి యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరి, సమరయుడు నిలిచెను. మనము ఆ ఉపమానమును ఎన్నిమారులో కంఠస్థము చేసియున్నాము. ఈ నవలలో ఆ సమరయుడు చినిగిన బట్టలతో తెప్పమీద కూర్చున్నాడు, అంతియే భేదము.

ఈ పుస్తకమున లోపములు లేకపోలేదు. చివరి ప్రకరణములలో టామ్ అను మిత్రుడు వచ్చి, జిమ్ విడుదలను ఆటగా మార్చివేయుట మాకు ఎంతమాత్రము నచ్చలేదు. మనుష్యుని స్వాతంత్ర్యము పిల్లల యాటవస్తువు కాదు. అదియుగాక నల్లవారిని అవమానించు ఒక మాట ఇందు అనేక పర్యాయములు వచ్చును. ఆ మాటవలన ఈ పుస్తకముపై అమెరికాలో నేటికిని వివాదము కలదు. మనుష్యుని పేరుతో పిలువక, కులముపేరుతో కించపరచి పిలిచిన పలుకులు మన ఊళ్లలోను కలవు. అవి చెవిని పడినప్పుడు కలుగు బాధ మనలో ఎందరికో తెలియును. కావున ఈ పుస్తకమును పై తరగతులవారే, ఉపాధ్యాయులు దగ్గరనుండగా చదివి చర్చించుట మంచిది. దాచివేయుట మాత్రము మంచిది కాదు.

రాబిన్సన్ క్రూసోను ఈ పట్టికలో చేర్చలేదేమని అడుగువారుందురు. డీఫో గారి ఆ గ్రంథము 1719 నుండి చదువబడుచున్నది; మేమును చదివితిమి. ఒంటరివాడు ఇల్లు కట్టుకొనుట, ధాన్యము పండించుట, మేకలను పెంచుట చదువ ముచ్చటగ నుండును. కాని అతడు ఓడ పగిలి దీవి చేరినది బానిసలను కొనుటకై ఆఫ్రికాకు పోవుచుండగా ననియు, తాను రక్షించిన ఫ్రైడేకు మొదట నేర్పిన మాటలలో నొకటి తనను "దొర" యని పిలుచుట యనియు మరువకుండ చదువవలెను. ఫ్రైడే ఆ కథ చెప్పినచో ఎట్లు చెప్పునో యని ఆలోచించుచు చదివినవానికి ఆ పుస్తకము రెండింతలు ఫలమిచ్చును.

అన్నియు పరదేశపు పుస్తకములేనా యను ఆక్షేపణ న్యాయమైనది. తెలుగున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి "గణపతి"యు, మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిష్టరు పార్వతీశము"ను పిల్లలకొరకు వ్రాయబడినవి కావు. అయినను పిల్లలు వానిని తమవిగ చేసికొని కడుపుబ్బ నవ్విరి. ముళ్లపూడి వెంకటరమణగారి "బుడుగు" బాపుగారి బొమ్మలతో ఇంటింట తెలిసినవాడే. 1945లో "బాల"యు, 1947లో "చందమామ"యు వెలువడి తెలుగు పిల్లలకు కథలు పంచిపెట్టినవి. ఇప్పుడవి రెండును వెలువడుటలేదు. కాని చిన్నకథలు వేరు, ఒక పిల్లవానితో నెలరోజులు కలసి జీవింపజేయు నవల వేరు. గోదావరి లంకలలో పడవ నడుపువాని కొడుకును, పలనాటి మిరపచేలలో పనిచేయు తల్లి వెంట పోవు పిల్లయు, తెలంగాణమున బీడీలు చుట్టు ఇంటిలో చిమ్నీదీపము ముందర చదువుకొన్న బాలికయు నాయికా నాయకులుగ గల నవలలు మాకు చాలినన్ని కనబడలేదు. ఈ కొరతను తీర్చువారు నేడు మన బల్లలమీద కూర్చున్నవారిలోనే యుందురని మా నమ్మకము.

అనువాదములను చదువుటకు సిగ్గుపడ నక్కరలేదు. జపాను దేశస్థురాలైన తెత్సుకో కురొయనాగి 1981లో ప్రకటించిన తొత్తో-చాన్ కథ "రైలుబడి" యను పేర తెలుగున దొరకును. అది నవల కాదు, ఆమె బాల్యస్మృతులు. ఐనను నవలకంటె రుచికరము. అల్లరిపిల్లయని ఒక బడినుండి వెడలగొట్టబడిన బాలికను, పాత రైలుపెట్టెలలో బడి నడుపు కొబయాషీ యను ప్రధానోపాధ్యాయుడు మొదటి దినమున గంటల తరబడి కూర్చుండి ఆమె చెప్పినదంతయు వినెను. నీవు నిజముగ మంచిపిల్లవేయని ఆమెతో మరల మరల చెప్పుచుండెను. ఆ బడి 1945లో విమానదాడిచేత కాలిపోయినది. వినిన ఆ మనుష్యుని జ్ఞాపకము కాలలేదు.

చదువు విధమును గూర్చి రెండు మాటలు. సంక్షేప పుస్తకములతో తృప్తిపడకుడు. వానిలో ఓడలును దొంగలును మిగులును. జో యేడ్చిన రాత్రియు, జిమ్ మాట నిలుపుకొన్న ఉదయమును తరచుగ జారిపోవును. చేతిలోని ఫోనులో కథాసారము రెండు నిమిషములలో దొరకును నిజమే. విస్తరి చూచినంతమాత్రమున ఆకలి తీరదు. ఇంగ్లీషు పుస్తకము చదువునప్పుడు ప్రతి మాటకును నిఘంటువు వెదుకకుడు. పుటకు రెండు మూడు మాటలు వెదకిన చాలును, తక్కినవి కథయే నేర్పును. ఇది బాలుర పుస్తకము, ఇది బాలికల పుస్తకమని గీత గీయకుడు. అక్కచెల్లెండ్ర కథ బాలురును, ఓడదొంగల కథ బాలికలును చదువవలెను. కోపమును మాట తప్పుటయు ఇరువురికిని సమానమే గదా.

తలిదండ్రులారా, మీ బిడ్డ చేతిలో నవల కనబడగానే లాగికొనకుడు. అందలి పిల్లవాడు ఏమి చేసెనని అడుగుడు. మీ బిడ్డ తన తప్పును తానై చెప్ప వెరచుచుండును. కథలోని పిల్లవాని తప్పును గూర్చి ధారాళముగ మాటలాడును. ఆ మాటలలో మీరు వినవలసినది మీకు వినబడును. ఉపాధ్యాయులారా, పుస్తకములు నలుగునను భయముచేత గ్రంథాలయపు బీరువాకు తాళము వేయకుడు. నలగని పుస్తకము అచ్చుపడిన ప్రయోజనము నెరవేరనిది. తోడి విద్యార్థులారా, పైన చెప్పిన అయిదింటిలో ఒక్కటి ఈ సెలవులలో చదువుడు. చదివి ఊరకుండక, మరియొకరి చేతికిండు. వారు తిరిగి యిచ్చునప్పుడు ఏ పుట నచ్చినదని అడుగుడు.